వసంత వలస: ఏ పిట్ట ఏ తేదీ దాకా కనిపించింది?

చెరువుగట్టు | మార్చి 12, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. అక్టోబరు రాగానే "మా చెరువుకు సూదితోక బాతులు వచ్చేశాయి" అని మనమంతా ఉత్సాహంగా రాస్తాం. అవే బాతులు మార్చిలో ఎప్పుడు వెళ్లాయో మాత్రం ఎవరూ రాయరు. రావడం కంటబడుతుంది, వెళ్లడం కంటబడదు. ఒక ఉదయం చెరువు బోసిగా ఉంటుంది, అంతే. అందుకే వలస రికార్డుల్లో రాక తేదీలు దండిగా, పోక తేదీలు అరకొరగా ఉంటాయి.

ఈ చర్చ అందుకోసమే. మీరు తరచుగా వెళ్లగలిగే ఒక్క చోటు ఎంచుకోండి. చెరువైనా, పొలమైనా, కాలనీ పార్కైనా పర్వాలేదు. పిట్ట కనిపించిన రోజుతో పాటు, వెళ్లి వెతికినా కనిపించని రోజు కూడా రాయండి. ఏప్రిల్ 3న చూశామని రాసి ఊరుకుంటే, ఆ తర్వాత మీరు అటు వెళ్లారో లేదో చదివేవారికి తెలియదు. ఏప్రిల్ 6న, 9న వెళ్లాం, లేదు అని రాసినప్పుడే ఆ 3వ తేదీకి విలువ. మగ పక్షి రంగు మారిందా, గుంపులో ఉందా, ఒంటరిగా ఉందా అన్నది కూడా చేర్చండి.

నా వైపు నుంచి మొదటి నమోదు: సంగారెడ్డి జిల్లా, మంజీర వెనుక జలాలు. సూదితోక బాతులు బాగా పలచబడ్డాయి. గార్గనీ బాతులు ఉన్నాయి, మగవాటి కంటి మీది తెల్లటి పట్టె ఇప్పుడు చాలా దూరం నుంచే కనిపిస్తోంది. షవెలర్లు మాత్రం నిశ్చింతగా ముక్కు నీళ్లలో పెట్టి వడపోసుకుంటున్నాయి. ఇవి బాతుల్లో ఆలస్యంగా వెళ్లేవి.


మంజీరతీరం | మార్చి 12, రాత్రి 9:25

మంచి పని మొదలుపెట్టారు చెరువుగట్టు గారూ. నేను మెదక్ వైపు పోచారం జలాశయం చూస్తుంటాను. బార్ హెడెడ్ గూస్‌లు ఇంకా ఉన్నాయి, అయితే వాటి తీరు మారింది. జనవరిలో ఇవి పగలంతా ఒడ్డున గడ్డి మేసి, మధ్యాహ్నం నిద్రపోయేవి. ఇప్పుడు సాయంత్రం కాగానే గుంపు మొత్తం మెడలు పైకెత్తుతుంది, ఒకటి అరిస్తే అన్నీ అరుస్తాయి, ఒక్కసారిగా లేచి రెండు మూడు చుట్లు తిరిగి మళ్లీ దిగుతాయి. ఇది రోజూ జరుగుతోంది. ఈ హడావుడి మొదలైందంటే ప్రయాణం దగ్గరపడినట్లే.

వీటి గురించి కొత్తవారి కోసం ఒక మాట. తల వెనుక రెండు నల్లటి అడ్డగీతలు ఉన్న బూడిదరంగు పెద్ద బాతులివి. టిబెట్, లద్దాఖ్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలు చేస్తాయి. అంటే ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు హిమాలయాలు దాటాలి. పరికరాలు అమర్చి గమనించిన వాటిలో కొన్ని 7 వేల మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్లు నమోదైంది. అయితే అవి ఎప్పుడూ అంత ఎత్తున పోవు, వీలైనంత వరకు కొండల వాలును అనుసరిస్తూ, లోయలు వెతుక్కుంటూ వెళ్తాయి. ఆ ఎత్తులో గాలి పలచన కాబట్టి రెక్క కొట్టడానికి ఎక్కువ శక్తి పడుతుంది. ఏది తప్పనిసరో అంతే ఎత్తు.


ఉప్పుటేరు | మార్చి 15, మధ్యాహ్నం 1:40

కాకినాడ తీరం నుంచి. కోరంగి మడ అడవులకు ఇవతల, నీరు తీసినప్పుడు బయటపడే బురద నేలలు నా చోటు. ఇక్కడ వసంతం అంటే రంగులు. చలికాలమంతా బూడిద, తెలుపు తప్ప మరో రంగు లేని పిట్టలు ఇప్పుడు ఒక్కొక్కటే వేషం మారుస్తున్నాయి.

ఈ ఉదయం టెలిస్కోప్‌లో గ్రే ప్లోవర్ అనే తీరపు పిట్టను చాలాసేపు చూశాను. గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి ఈకలు మొలుస్తున్నాయి, ఇంకా పూర్తి కాలేదు. తెల్లటి పొట్ట మీద ఎవరో సిరా చిలకరించినట్లు మచ్చలు మచ్చలుగా ఉంది. పక్కనే కర్ల్యూ శాండ్‌పైపర్లు. వాటి రొమ్ము మీద ఇటుక రంగు అక్కడక్కడ తొంగిచూస్తోంది. ఏప్రిల్ మధ్యకు ఇవి నిండు ఎరుపులో ఉంటాయి. బ్రౌన్ హెడెడ్ గల్‌లలో చాలావాటికి కాఫీ రంగు టోపీ పూర్తిగా వచ్చేసింది. జనవరిలో వాటి చెవి దగ్గర ఒక్క మచ్చే ఉండేది.

రంగు మార్పు రాయమన్న చెరువుగట్టు గారి సూచన ఎంత అవసరమో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. ఒకే గుంపులో నాలుగు దశల్లో ఉన్న పిట్టలు కనిపిస్తాయి. రంగు నిండినవి ముందు వెళ్తాయి.


పొలంగట్టు | మార్చి 17, ఉదయం 10:05

నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరివాడిని. తేలినీలాపురం గ్రామంలో సైబీరియా పక్షులు ఈసారి కూడా బాగా పిల్లలు చేశాయి. గూడబాతుల (పెలికాన్‌ల) పిల్లలు పెద్దవయ్యాయి, చాలావరకు ఎగరడం నేర్చుకున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు ఇంకా గూళ్ల మీదే ఉన్నాయి. ఏప్రిల్ నాటికి అన్నీ తిరిగి సైబీరియా వెళ్లిపోతాయి. ఊళ్లో అందరూ వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఈ చర్చలో వీటి తేదీలు రాయవచ్చునా?


చిత్తడినేల | మార్చి 17, సాయంత్రం 6:30

పొలంగట్టు గారూ, తప్పకుండా రాయండి. ఆ తేదీలు చాలా విలువైనవి. కానీ ఒక విషయం గట్టిగా చెప్పాలి. గూడబాతులు గానీ, ఎర్రకాళ్ల కొంగలు గానీ సైబీరియా పక్షులు కావు. ఎప్పుడూ కాదు. పత్రికల్లో, గ్రామాల బోర్డుల మీద ఏళ్ల తరబడి ఇదే రాస్తుండటంతో అది స్థిరపడిపోయింది.

గుర్తుపట్టే సూత్రం తేలిక. ఏ పక్షి అయినా తాను గుడ్లు పెట్టి పిల్లలను పెంచే చోటే దాని సొంత ఊరు. సైబీరియా నుంచి చలికి తట్టుకోలేక వచ్చే బాతు ఇక్కడ గూడు కట్టదు. తిండి తిని, ఒళ్లు పెంచుకుని, వేసవికి తిరిగి వెళ్లి అక్కడ కడుతుంది. తేలినీలాపురంలో మీ కళ్లముందే గూళ్లు కట్టి పిల్లలను లేపుతున్న పక్షి అక్కడి బిడ్డే. గూడబాతు గుడ్లు పెట్టే ప్రాంతాలు ప్రధానంగా భారత్, శ్రీలంక, కంబోడియా దేశాల్లో ఉన్నాయి. ప్రపంచంలో దీనికి ఉన్న ఇళ్లే తక్కువ, వాటిలో నేలపట్టు, ఉప్పలపాడు, కొల్లేరు, తేలినీలాపురం ఉన్నాయి. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల గూళ్లను పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూసి, వాటి గురించి పరిశోధన పత్రం రాశారు. అంతకు ముందు దక్షిణ భారతంలో వాటి గూళ్ల సంగతి 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే నమోదైంది.

మరి ఏప్రిల్‌లో ఎక్కడికి పోతాయి? పిల్లలు ఎగరగానే నీళ్లు, చేపలు ఉన్న చోట్లకు చెదిరిపోతాయి. చెరువులు, జలాశయాలు, ఏటి ముఖాలు, చేపల గుంటలు. అది వలసే, కానీ దేశంలోపలి వలస.


పొలంగట్టు | మార్చి 17, రాత్రి 8:50

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. గూడు కట్టే చోటే సొంత ఊరు అన్న మాట నాకు నచ్చింది. అయినా ఒక సందేహం. మా వైపు పెద్దలు "అంత దూరం నుంచి మన ఊరిని నమ్ముకుని వస్తాయి" అని చెప్పే పిల్లలు వాటి మీద రాయి వేయకుండా పెరిగారు. దూరం నుంచి వచ్చిన అతిథి అన్న భావన తీసేస్తే ఆ రక్షణ పలచబడదా?


చిత్తడినేల | మార్చి 18, ఉదయం 7:15

పలచబడదనే నా నమ్మకం. పైగా అబద్ధం మీద నిలబడిన రక్షణకు ఒక ప్రమాదం ఉంది. అతిథి ఏప్రిల్‌లో వెళ్లిపోయింది కదా అని మిగతా ఆరు నెలలు ఆ చెట్టును నరికినా, ఆ చెరువును పూడ్చినా పట్టించుకునేవారు ఉండరు. ఇది మన పక్షే, దీనికి వేరే దేశం లేదు, ఇక్కడ చెట్టు పోతే దీనికి దిక్కు లేదు అని తెలిస్తే బాధ్యత పెరుగుతుంది. నేలపట్టులో నీటి కడప చెట్లు లేకపోతే అక్కడ గూడబాతు లేదు. చెట్లు ఏడాది పొడవునా ఉండాలి.


మంజీరతీరం | మార్చి 18, ఉదయం 9:00

ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది. నాకు తోచేది ఇది: "దూరం నుంచి నమ్ముకుని వస్తాయి" అన్న మాటను ఉంచండి, "సైబీరియా" ఒక్కటి తీసేయండి. పులికాట్ ఫ్లెమింగోల విషయంలోనూ ఇదే జరుగుతోంది. మన దేశంలో అవి పెద్ద ఎత్తున పిల్లలు చేసేది గుజరాత్ కచ్ఛ్ రణ్‌లో. ఇక సైబీరియా పేరుకు నిజంగా తగిన సైబీరియన్ కొంగ భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. బహుశా దాని ప్రసిద్ధి వల్లనే మనవాళ్లు ప్రతి తెల్లకొంగనూ సైబీరియాకు పంపడం మొదలుపెట్టి ఉంటారు.

నిజంగా ఉత్తరాన ఆర్కిటిక్ తీరం దాకా వెళ్లేవి ఉప్పుటేరు గారు చూస్తున్న కర్ల్యూ శాండ్‌పైపర్లు. పిడికెడంత ఉండే ఆ ఉల్లంకి పిట్టలను ఎవరూ పట్టించుకోరు. వాటికి ఒక బోర్డు ఉండాలి.


పొలంగట్టు | మార్చి 18, మధ్యాహ్నం 12:20

సరే, ఇకపై నా రాతల్లో సైబీరియా ఉండదు. ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడే విషయం నా మీద వదిలేయండి, దానికి సమయం పడుతుంది. తేదీలు పంపుతుంటాను.


కొత్తబైనాక్యులర్ | మార్చి 29, సాయంత్రం 5:45

అందరికీ నమస్కారం, ఈ చర్చలో ఇదే మొదటి రాత. బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో చిన్న ప్లోవర్లు కనిపించాయి. రొమ్ము మీద నారింజ రంగు పట్టీ, కళ్ల మీదుగా నల్లటి ముసుగు. పుస్తకంలో లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఉంది, కానీ మొబైల్ యాప్‌లో ఆ పేరే లేదు. టిబెటన్, సైబీరియన్ అని రెండు అడుగుతోంది. ఏది ఎంచుకోవాలి?


ఉప్పుటేరు | మార్చి 29, రాత్రి 7:30

స్వాగతం. మీ పుస్తకం పాతది, యాప్ కొత్తది, రెండూ తమ తమ కాలానికి సరైనవే. లెస్సర్ శాండ్ ప్లోవర్‌ను రెండు జాతులుగా విడదీశారు, పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్‌లో ఆ మార్పు 2023లో వచ్చింది.

అదృష్టం ఏమిటంటే చలికాలంలో వీటిని విడదీయడం చాలా కష్టం, మీరు చూసింది సరిగ్గా విడదీయగలిగే కాలంలో. మగ పిట్ట నుదురు చూడండి. నుదురంతా నల్లగా ఉండి ముసుగులో కలిసిపోతే టిబెటన్. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండి, దాని మధ్యలో సన్నని నల్లగీత నిలువునా దిగితే సైబీరియన్. సైబీరియన్ మగదానికి నారింజ పట్టీ పైఅంచున సన్నని నల్లగీత కూడా ఉంటుంది. మన తీరంలో ఎక్కువగా కనిపించేవి టిబెటన్. ముక్కు పొడవుగా, లావుగా, కాళ్లు పొడవుగా కనిపిస్తే అది గ్రేటర్ శాండ్ ప్లోవర్ కావచ్చు, దాన్ని కూడా మనసులో ఉంచుకోండి.

నుదురు కనిపించకపోతే బలవంతంగా ఏదో ఒకటి ఎంచుకోవద్దు. యాప్‌లో రెండింటినీ కలిపి రాసే వీలు ఉంది, అదే వాడండి. తప్పుడు కచ్చితత్వం కంటే అది మేలు.


కొత్తబైనాక్యులర్ | మార్చి 30, ఉదయం 9:10

ఫొటోలు పెద్దవి చేసి చూశాను. రెండింటి నుదురు పూర్తిగా నలుపు. మిగతావి పక్కకు తిరిగి ఉన్నాయి. రెండింటిని టిబెటన్‌గా, మిగిలినవాటిని కలిపి రాశాను. చాలా కృతజ్ఞతలు.


గడ్డిమైదానం | ఏప్రిల్ 2, రాత్రి 8:15

నంద్యాల జిల్లా రోళ్లపాడు నుంచి. హారియర్లు దాదాపు వెళ్లిపోయాయి. సాయంత్రం పొద్దుగూకే వేళ గడ్డిలోకి దిగే ఆడ హారియర్ ఒక్కటే కనిపించింది, మాంటెగ్యూస్ హారియర్ అనుకుంటున్నాను, వెలుతురు చాలక నిర్ధారించలేదు. వీటి తీరు తెలియనివారికి: ఇవి చెట్టెక్కి నిద్రపోయే గద్దలు కావు. గడ్డిలో నేల మీదే రాత్రి గడుపుతాయి. పగలంతా విడివిడిగా మిడతల కోసం తిరిగి, చీకటి పడేముందు ఒకే చోటికి చేరుతాయి. అందుకే వీటిని లెక్కపెట్టాలంటే సాయంత్రం ఒక్కటే మార్గం. దక్షిణ భారతంలో ఉపగ్రహ పరికరాలు అమర్చిన మాంటెగ్యూస్ హారియర్లు కజకిస్తాన్ గడ్డిభూములకు వెళ్లినట్లు తేలింది.

బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన నేల ఇది. ఆ పిట్ట ఇప్పుడు ఇక్కడ కనిపించడం లేదు. హారియర్లనైనా నిలుపుకోవాలంటే గడ్డిని గడ్డిగా ఉంచాలి. ఖాళీ నేల కదా అని మొక్కలు నాటే ఉత్సాహం గడ్డి పక్షులకు చేసే కీడు అంతా ఇంతా కాదు.


జొన్నచేను | ఏప్రిల్ 6, ఉదయం 6:50

నారాయణపేట వైపు గులాబీ గోరింకలు, అదే రోజీ స్టార్లింగ్‌లు, ఇంకా పెద్ద గుంపుల్లోనే ఉన్నాయి. మగవాటి గులాబీ రంగు ఇప్పుడు నిజంగా గులాబీలా ఉంది, తల మీది నల్లటి జుట్టు గాలికి లేస్తోంది. శీతాకాలంలో చూసినప్పటి మురికి రంగు ఎక్కడా లేదు. మోదుగ పూలు అయిపోయాక బూరుగు, తుమ్మ చెట్ల మీద ఉంటున్నాయి. రాత్రికి చెరువు తుంగలోకి దిగుతాయి. దిగేముందు ఆకాశంలో ఆ గుంపు ముడుచుకుంటూ విచ్చుకుంటూ తిరగడం చూసి తీరాలి.

రైతులకు వీటి మీద కోపం ఉంది, జొన్న కంకులు తింటాయి, కాదనలేం. కానీ ఇవి మిడతలను విపరీతంగా తింటాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గించుకోవడానికి ఈ పిట్టల కోసమే రాళ్లతో గూళ్లు కట్టిపెట్టారు. మన దగ్గర కంకులు తిన్నది, అక్కడ పంట కాపాడేది ఒకే పిట్ట.


చెరువుగట్టు | ఏప్రిల్ 6, ఉదయం 8:30

జొన్నచేను గారూ, గులాబీ గోరింకల పోక తేదీ మీ నుంచి తప్పకుండా కావాలి. ఇవి జులై, ఆగస్టు నెలల్లోనే వచ్చేస్తాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ భాగం మనతో గడిపే వలస పక్షి ఇది. ఏప్రిల్ రెండో సగంలో రోజు విడిచి రోజైనా చూడగలరా? గుంపులు ఒక్కసారిగా మాయమవుతాయి.

నా చోట: సూదితోక బాతులు లేవు. గార్గనీలు మూడు జతలు. షవెలర్లు ఉన్నాయి. పోచారం గూస్‌ల సంగతి మంజీరతీరం గారు రాయాలి.


మంజీరతీరం | ఏప్రిల్ 6, ఉదయం 9:40

గూస్‌లు మార్చి 24న ఉన్నాయి. 27న లేవు, 30న లేవు, ఏప్రిల్ 4న లేవు.


కిటికీపక్షి | ఏప్రిల్ 19, ఉదయం 6:35

అత్యవసరం. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అద్దానికి ఒక పిట్ట కొట్టుకుని కింద పడింది. పచ్చటి వీపు, లేత గోధుమ రంగు రొమ్ము, పొట్ట కింద ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టె, రెక్క మీద నీలం, తోక చాలా పొట్టి. కళ్లు తెరిచి ఉంది, కదలడం లేదు. ఏం చేయాలి? నీళ్లు పట్టనా?


చిత్తడినేల | ఏప్రిల్ 19, ఉదయం 6:39

నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె తీసుకోండి, అడుగున మెత్తని గుడ్డ పరచండి, పిట్టను నెమ్మదిగా రెండు చేతుల్లోకి తీసుకుని అందులో పెట్టి మూత వేయండి. చీకటిగా, చప్పుడు లేని చోట, పిల్లి అందుకోలేని చోట ఉంచండి. మాటిమాటికీ మూత తీసి చూడవద్దు. చాలావరకు తల దిమ్మెక్కడమే, ఒకటి రెండు గంటల్లో తేరుకుంటాయి. రెక్క వేలాడుతున్నా, రక్తం వస్తున్నా అటవీ శాఖకు గానీ, వన్యప్రాణుల రక్షణ బృందానికి గానీ వెంటనే ఫోను చేయండి.

పిట్ట పేరు ఇండియన్ పిట్టా. కొందరు పొన్నంగి పిట్ట అంటారు.


కిటికీపక్షి | ఏప్రిల్ 19, ఉదయం 8:50

పెట్టెలో గోకుతున్న చప్పుడు వినిపించింది. కింద తోటలో మూత తీయగానే గెంతి, క్షణం ఆగి, పొదల్లోకి దూసుకుపోయింది. ఇంత అందమైన పిట్ట మా వీధిలో ఉందని ఇన్నాళ్లూ తెలియదు.


తోటకూత | ఏప్రిల్ 19, ఉదయం 10:30

మీ వీధిలో ఉండే పిట్ట కాదు, దారిన పోతూ దిగినది. చలికాలం దక్షిణ భారతం, శ్రీలంక అడవుల్లో గడిపి, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి, మధ్య భారతానికి, హిమాలయ పాదాలకు పిల్లలు చేయడానికి వెళ్తుంది. ప్రయాణం రాత్రిపూట. తెల్లవారేసరికి ఎక్కడ చెట్లు కనిపిస్తే అక్కడ దిగుతుంది. నగరంలో దిగితే దీపాల వెలుగు, అద్దాల్లో కనిపించే చెట్ల నీడ దీన్ని మోసం చేస్తాయి. అందుకే ఈ కాలంలో కాలనీల్లో, కళాశాల ఆవరణల్లో, ఒక్కోసారి బాల్కనీల్లో కూడా ఇది దొరుకుతుంది. ఈ నెలన్నర రాత్రిళ్లు అనవసరపు బయటి దీపాలు ఆర్పండి. అద్దానికి బయటివైపు దగ్గర దగ్గరగా చుక్కలో, గీతలో అంటించండి. గద్ద బొమ్మ ఒక్కటి అంటిస్తే ఏమీ లాభం ఉండదు.

ఉదయం, సాయంత్రం రెండు స్వరాల ఈల వేస్తుంది. ఆ వేళలకు కూస్తుంది కాబట్టే తమిళులు దీన్ని ఆరు గంటల పిట్ట అంటారు.

మా తోట నమోదు కూడా ఇక్కడే రాస్తాను. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అనే చిన్న వలస పిట్ట ఇంకా ఉంది. ఆరు నెలలుగా గోరింట పొదలో "చక్, చక్" అనడం తప్ప మరో మాట లేదు. నాలుగు రోజులుగా పాడుతోంది. గొంతులోనే, మెల్లగా, ఒక్కో ముక్కను రెండు మూడుసార్లు తిప్పి పలుకుతూ, మధ్యలో వేరే పిట్టల కూతలు కలుపుతూ పాడుతోంది. పగటి పొడవు పెరిగేకొద్దీ వీటి ఒంట్లో మార్పులు వస్తాయి. విపరీతంగా తిని కొవ్వు పట్టిస్తాయి, రాత్రిళ్లు కుదురుగా ఉండవు, మగవి గొంతు సవరించుకుంటాయి. ఆ పాట నిండుగా వినేవాళ్లు ఎక్కడో రష్యా వైపు ఉంటారు. మనకు దక్కేది ఈ సాధకం ఒక్కటే, అయినా నాకు అది చాలు. గ్రీనిష్ వార్బ్లర్ ఏప్రిల్ 15న కూసింది, 17న, 19న లేదు. తోక పిగిలిపిట్ట మార్చి చివరి నుంచే లేదు.


దారిచూపండి | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:05

నమస్తే. ఆ ఇండియన్ పిట్టా దిగిన తోట కచ్చితంగా ఎక్కడో చెప్పగలరా? ఫొటో కోసం చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను. కూత వినిపించి బయటికి రప్పించవచ్చు, నా దగ్గర స్పీకర్ ఉంది.


చెరువుగట్టు | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:40

చెప్పలేం. మీ ఆశ అర్థమవుతుంది, కానీ రాత్రంతా ఎగిరి అలసి దిగిన పిట్టకు పగలు రెండే పనులు, తినడం, విశ్రాంతి. రికార్డు చేసిన కూతకు అది మరో పిట్ట వచ్చిందనుకుని వెతుకుతూ తిరుగుతుంది, రాత్రికి దాచుకోవలసిన శక్తి అక్కడే ఖర్చు. ఈ చర్చలో వలస పిట్టలకు కూత వినిపించడం గురించి సలహాలు ఇవ్వం. మీ దగ్గరలోని చెట్లు దట్టంగా ఉన్న ఏదైనా తోటలో ఉదయం ఆరుకు ముందే వెళ్లి, రాలిన ఆకుల దగ్గర కదలకుండా కూర్చోండి. ఆకులు ఎగరేసుకుంటూ పురుగులు ఏరుకునే పిట్ట అది. ఈ రెండు మూడు వారాల్లో ఎవరి తోటలోనైనా దిగవచ్చు.


దారిచూపండి | ఏప్రిల్ 20, సాయంత్రం 4:15

సరే, అలాగే చేస్తాను. స్పీకర్ తీసుకెళ్లను.


ఉప్పుటేరు | ఏప్రిల్ 28, రాత్రి 9:00

కాకినాడ నమోదు. గ్రే ప్లోవర్లు నిండు నలుపులో ఉన్నవి 24 దాకా కనిపించాయి, ఈరోజు లేవు. కర్ల్యూ శాండ్‌పైపర్లు ఎర్రవి కొన్ని ఉన్నాయి. బ్రౌన్ హెడెడ్ గల్‌లు పలచన.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి చెరువుగట్టు గారూ. ఈరోజు ఇంకా బూడిద రంగులోనే ఉన్న గ్రే ప్లోవర్లు, శాండ్ ప్లోవర్లు కొన్ని ఉన్నాయి. నాకు తెలిసి ఇవి వెళ్లవు. క్రితం ఏడు పుట్టిన పిల్లలు మొదటి వేసవి ఇక్కడే ఉండిపోతాయి. వాటికి జత కట్టే వయసు రాలేదు, అంత దూరం వెళ్లి వచ్చే శ్రమ వృథా. జూన్‌లో కూడా కనిపిస్తాయి. అలాంటప్పుడు పోక తేదీ ఏమని రాయాలి?


చెరువుగట్టు | ఏప్రిల్ 29, ఉదయం 7:20

మంచి ప్రశ్న. తీరపు పిట్టలకు రెండు తేదీలు పెడదాం. రంగు నిండిన పిట్ట ఆఖరుగా కనిపించిన తేదీ ఒకటి, అదే అసలు పోక తేదీ. రంగు మారని పిట్టలను విడిగా, "వేసవికి ఉన్నవి" అని రాద్దాం. ఈ రెండూ కలిపేస్తే మే చివర చూసిన ఒక్క కుర్రపిట్ట వల్ల మొత్తం జాతి ఆలస్యంగా వెళ్లినట్లు తేలుతుంది. పాత రికార్డుల్లో ఈ గందరగోళం చాలానే ఉండి ఉంటుంది. అందుకే మొదటి నుంచీ రంగు రాయమని పట్టుబడుతున్నాను.


గడ్డిమైదానం | మే 5, సాయంత్రం 7:40

ఇక్కడ హారియర్లు ఏప్రిల్ 2 తర్వాత లేవు, ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ లేవు. అందరూ ఇప్పుడు ఆకాశం మీద కన్నేసి ఉంచండి. ఆమూర్ డేగలు ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి తిరిగి వచ్చే కాలం ఇదే. శరదృతువులో నాగాలాండ్‌లో లక్షల్లో ఆగే ఆ డేగలు వసంతంలో మన మీదుగా చడీచప్పుడు లేకుండా పోతాయి. నైరుతి వైపు నుంచి వీచే గాలి వాటికి సాయం. కోకిల జాతి పక్షులకూ అదే గాలి తోడు. మంగోలియాలో 2019లో పరికరం అమర్చిన ఓనన్ అనే కుక్కూ 2020 వసంతంలో కెన్యా నుంచి సముద్రం దాటి నేరుగా మన దేశానికి చేరింది. ఈదురుగాలులు వీచిన మర్నాడు ఉదయం తీగల మీద కూర్చున్న చిన్న డేగలను వదలకుండా చూడండి.


జొన్నచేను | మే 6, ఉదయం 6:30

గులాబీ గోరింకలు: ఏప్రిల్ 17న పెద్ద గుంపు. 19న చిన్న గుంపు, దాదాపు అన్నీ ఆడవి, కుర్రవి. 21న లేవు, 23న లేవు. మగవి ముందు వెళ్లాయని నా అభిప్రాయం, వచ్చే ఏడు ఇంకా దగ్గరగా చూస్తాను.

మరొక ప్రశ్న. మా వైపు చాతకం మే చివరికి వస్తుందని చెబుతారు. అది వానతో పాటు వస్తుందా, వాన కంటే ముందా?


తోటకూత | మే 6, ఉదయం 8:45

రెండు రకాల చాతకాలు ఉన్నాయి. ఆఫ్రికా నుంచి వచ్చేవి మధ్య, ఉత్తర భారతానికి వానలకు కాస్త ముందుగా చేరతాయి. దక్షిణాన, శ్రీలంకలో కొన్ని ఏడాది పొడవునా ఉంటాయి. మన ప్రాంతం రెండింటికీ మధ్యలో ఉంది, అందుకే మన తేదీలు ఆసక్తికరం. మొదటి చాతకం, మొదటి వాన రెండూ ఒకే కాగితం మీద రాయండి. పౌరుల పరిశీలనలతో వలస తేదీలు సేకరించడానికి 2007లో మొదలైన మైగ్రెంట్‌వాచ్‌కు చాతకం గురించి కూడా ఎంతో మంది రాసి పంపారు.


చెరువుగట్టు | మే 7, రాత్రి 8:20

మే రెండో శనివారం ప్రపంచ వలస పక్షుల దినం. ప్రపంచమంతా ఒకే రోజు పక్షులను లెక్కించే గ్లోబల్ బిగ్ డే కూడా సాధారణంగా ఆ రోజే. ఆ ఉదయం మీ మీ చోట్లకు తప్పక వెళ్లి, చూసినవీ చూడనివీ కలిపి పూర్తి జాబితా ఈబర్డ్‌లో పెట్టండి. చాలామంది "ఏమీ లేదు కదా, ఎందుకు" అని మే నెలలో ఇంట్లో ఉండిపోతారు. మనకు కావలసింది సరిగ్గా ఆ "ఏమీ లేదు". తేలినీలాపురం తేదీలు పొలంగట్టు గారి నుంచి రావాలి.


పొలంగట్టు | మే 8, ఉదయం 9:30

గూడబాతులు ఏప్రిల్ 11 దాకా, ఎర్రకాళ్ల కొంగలు ఏప్రిల్ 26 దాకా. ఆ తర్వాత గూళ్ల మీద ఏవీ లేవు, నౌపడ చిత్తడిలో మాత్రం ఎర్రకాళ్ల కొంగలు మే 4న కూడా కొన్ని కనిపించాయి. బడి పిల్లలకు ఇవి ఎక్కడికి వెళ్తాయో పటం గీసి చెప్పాను. ఈ సెలవుల్లో ఊరి చుట్టుపక్కల చెరువుల్లో వాటిని వెతికి తేదీలు రాస్తామని అన్నారు.


కొత్తబైనాక్యులర్ | మే 12, ఉదయం 7:55

శాండ్ ప్లోవర్లు లేవు. సూర్యలంక నుంచి వస్తూ కాలువ గట్టున కామన్ శాండ్‌పైపర్ ఒకటి, తోక ఊపుకుంటూ నడుస్తోంది. ఇంత ఆలస్యంగానా?


ఉప్పుటేరు | మే 12, ఉదయం 8:20

అది ఆలస్యంగా వెళ్లేవాటిలో ఒకటి, ఆగస్టు మొదట్లోనే మళ్లీ వస్తుంది. రొమ్ము పక్కల గోధుమ రంగులో గీతలు ముదురుగా ఉన్నాయా, వీపు మీద నల్లటి అడ్డచారలు ఉన్నాయా? ఉంటే పెద్దది, ఇంకా వెళ్లాల్సినది. నునుపుగా ఉంటే వేసవికి ఉండిపోయేది కావచ్చు. 15న ఒకసారి వెళ్లి చూసి రాయండి, లేకపోతే లేదని రాయండి.